మా వంటింటి వెలుతురుకి సరిపోయిన చిన్న కెమెరా

మా అమ్మకి 78 ఏళ్లు. ఫోన్ ఎత్తి తన వైపు తిప్పితే చాలు, అమెరికా నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేశాడనుకుంటుంది. చేతిలో పని అక్కడే వదిలేసి, కొంగు సర్దుకుని, ఫోన్‌కి బాగా దగ్గరగా వచ్చి "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. కాదమ్మా, ఫోటో తీస్తున్నానంటే బిగుసుకుపోయి నిలబడుతుంది. చాటలో బియ్యం చెరుగుతున్నప్పుడు, తులసికోట ముందు ముగ్గు వేస్తున్నప్పుడు, ఒక్కతే కూచుని పూలు గుచ్చుకుంటున్నప్పుడు అమ్మ ఎలా ఉంటుందో అలా ఒక్క ఫోటో కూడా నా దగ్గర లేకపోయింది. ఫోన్లో ఉన్న వందల ఫోటోల్లోనూ అమ్మ ఫోన్‌నే చూస్తోంది. కెమెరా కొనాలన్న పట్టుదల నాకు అక్కడ పుట్టింది.

నేను రాజమండ్రిలో ఉంటాను. కడియం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. రోజూ స్కూటీ మీద వెళ్లొస్తాను. హ్యాండ్‌బ్యాగులో క్యారేజీ, నీళ్ల సీసా, పిల్లల నోటుపుస్తకాలు నాలుగైదు పోగా మిగిలిన చోటులో పట్టే కెమెరా కావాలి. పెద్దది వద్దని మొదటే అనుకున్నాను. మా స్కూల్లో ఒక మాస్టారి దగ్గర మంచి డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. అది బీరువాలోంచి బయటికి వచ్చేది ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవై ఆరుకి. నాకు కావాల్సింది మామూలు మంగళవారం పొద్దున ఆరింటికి చేతికి అందేది.

మొదటిసారి మోసపోయాను. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెల్, 16 ఎక్స్ జూమ్ అని రాసి ఉన్న కెమెరా 6,800 రూపాయలకి తెప్పించాను. పట్టపగలు పెరట్లో మందారచెట్టుని తీసి, కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఆకుల అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. లోపల ఉన్నది చాలా చిన్న సెన్సర్. అది తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 48 అని లెక్క చూపిస్తారు. ఆ 16 ఎక్స్ కూడా లెన్స్ చేసే జూమ్ కాదు, బొమ్మ మధ్య ముక్కని కత్తిరించి పెద్దది చేయడమే. తిరిగి పంపేద్దామని చూస్తే గడువు రెండు రోజుల కిందటే అయిపోయింది. ఆ డబ్బు పోయినందుకు చాలా బాధపడ్డాను. ఆ బాధతోనే నెల రోజులు కూచుని ఈ కెమెరాల సంగతి వివరంగా తెలుసుకున్నాను.

చిన్న కెమెరా కొనేవాళ్లు ముందుగా రెండు ప్రశ్నలు అడగాలి. సెన్సర్ ఎంత? లెన్స్ ఎంత వెలుతురు తీసుకుంటుంది? మెగాపిక్సెళ్ల గొడవ తర్వాత. మామూలు పాకెట్ కెమెరాల్లో ఉండే సెన్సర్ సుమారు ఆరు మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు. కందిగింజంత. ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. చింతగింజంత. పేరులో అంగుళం ఉన్నా కొలిస్తే అంత ఉండదు, అది పాతకాలం టీవీ కెమెరా ట్యూబుల నాటి కొలత, అలా నిలిచిపోయింది. విస్తీర్ణం లెక్కేస్తే కందిగింజకీ చింతగింజకీ నాలుగు రెట్ల తేడా వస్తుంది. ఏపీఎస్-సీ అనేది ఇంకా పెద్దది, చిన్న తపాలాబిళ్లంత ఉంటుంది. ఇక లెన్స్ మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత తక్కువైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. ఎఫ్ 3.5 కంటే ఎఫ్ 1.8 దాదాపు నాలుగు రెట్ల వెలుతురు ఇస్తుంది.

మాది పాత ఇల్లు. వంటింటికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్కింటి గోడ. వెలుతురు వచ్చేదల్లా పెరటి గుమ్మం లోంచే. పొద్దున ఏడయ్యే దాకా లైటు వేయకపోతే ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో మూత తీసి చూసుకోవాలి. కెమెరాని నేను ఎంచుకున్నది ఈ వంటింటి కోసం. సముద్రం, కొండలు, సూర్యాస్తమయం ఏ కెమెరాతో తీసినా బాగానే వస్తాయి. మసక వెలుతుర్లో కదిలే మనిషిని తీయగలిగిందే నాకు కెమెరా.

అలా చూసుకుంటే చివరికి నాలుగు మిగిలాయి. 2024లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ గురించి చదివిన ప్రతిసారీ మనసు లాగింది. 40 మెగాపిక్సెళ్ల పెద్ద సెన్సర్, చూడటానికి మా నాన్న కాలం కెమెరాలా ఉంటుంది. కానీ బరువు 521 గ్రాములు, ధర నా చేతికి అందేది కాదు. రికో జీఆర్ 3 బరువు 257 గ్రాములే, సెన్సర్ తపాలాబిళ్లంత. ఇంత చిన్న ఒంట్లో అంత పెద్ద సెన్సర్ పెట్టడం నిజంగా గొప్ప విషయం. కాకపోతే దానికి జూమ్ లేదు, 28 మిల్లీమీటర్ల ఒకే ఒక్క చూపు (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనబడుతుంది). అమ్మ మొహం దగ్గరగా తీయాలంటే నేనే దగ్గరికి వెళ్లాలి, వెళితే అమ్మ నా వైపు చూస్తుంది. ఫ్లాష్ కూడా లేదు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2కి సెన్సర్ చింతగింజంత, జూమ్ 24 నుంచి 100 దాకా, తెర మీద వేలు పెడితే ఫోకస్ అవుతుంది. వాడకం తేలిక కావాలనుకునే వాళ్లకి నేను ఇప్పటికీ అదే చెబుతాను.

నేను మాత్రం సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 తీసుకున్నాను. కారణం వ్యూఫైండర్. 2015 గోదావరి పుష్కరాలప్పుడు కోటిలింగాల రేవులో మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ తెర నల్లగా తప్ప ఏమీ కనబడలేదు. అంచనా మీద నొక్కాను. నాన్న దోసిలితో నీళ్లు వదులుతున్న ఫోటోలో నుదురు నుంచి పైకి తెగిపోయింది. ఆ మరుసటి ఏడాది నాన్న పోయారు. కంటికి ఆనించుకుని చూసే కిటికీ లేని కెమెరా కొనకూడదని నేను అప్పుడే అనుకున్నాను. ఈ కెమెరా ఎడమ పక్కన చిన్న మీట జరిపితే వ్యూఫైండర్ టక్కున పైకి లేస్తుంది. దాని కంటిభాగాన్ని వేలితో వెనక్కి లాగితే బొమ్మ స్పష్టంగా కనబడుతుంది. పైన ఉన్న బుల్లి మీటతో మన కళ్లజోడు పవరుకి తగ్గట్టు సర్దుకోవచ్చు కూడా.

ఈ వరసలో మొదటి ఆర్‌ఎక్స్100 2012లో వచ్చింది. మార్క్ 3 వచ్చింది 2014లో. దానికి 24 నుంచి 70 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 1.8 నుంచి 2.8. 2015 నాటి మార్క్ 4కీ, 2016 నాటి మార్క్ 5కీ లెన్స్ ఇదే. ఒకదాంట్లో 4కే వీడియో, ఇంకోదాంట్లో వేగమైన ఆటోఫోకస్ చేరాయి. 2018లో మార్క్ 6 దగ్గర లెన్స్ మారింది. జూమ్ 200 దాకా పెరిగింది, దాంతోపాటు వెలుతురు ఎఫ్ 2.8 నుంచి 4.5కి తగ్గింది. 2019 నాటి మార్క్ 7దీ అదే లెన్స్. పేరులో అంకె పెరిగిందని మంచిదే అయి ఉంటుందనుకుంటాం. నా వంటింట్లో మార్క్ 7 కంటే మార్క్ 3 లెన్స్ ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, ధర చూస్తే చాలా తక్కువ. పక్షులు, క్రికెట్టు తీసే వాళ్ల లెక్క వేరు.

2024 దసరా సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు మా అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకుని కోఠీ వెళ్లాను. "అత్తా, పదేళ్ల కిందటి మోడల్ డబ్బు పోసి కొంటావా? ఈఎంఐ పెట్టి కొత్తది తీసుకోరాదూ?" అని వాడు మెట్రోలో దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. సెకండ్ హ్యాండ్ కెమెరాల కొట్లో రెండు మార్క్ 3లు ఉన్నాయి. నేను నా మెమరీ కార్డు వెంట తీసుకెళ్లాను. ఎవరు ఏ కెమెరా కొన్నా ఇది చేయాలని నా మనవి. కొట్లో కెమెరా వెనక తెర మీద ప్రతి ఫోటో బాగానే కనబడుతుంది. కార్డు ఇంటికి తెచ్చుకుని పెద్ద తెర మీద చూస్తే అప్పుడు తెలుస్తుంది.

ఆ కొట్లో గంటంబావు ఉన్నాం. జూమ్ పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, లోపల ఇసుక పడి ఉంటే గరగరమంటుంది. వ్యూఫైండర్, ఫ్లాష్ పదేసి సార్లు లేపి దించాను. గోడకి పేపరు అతికించి నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఒకేలా పదునుగా ఉన్నాయో లేదో తీశాను. లెన్స్ లోపల ఒక పలక పక్కకి జరిగి ఉంటే ఒక మూల మసకగా వస్తుంది. ఆ తర్వాత ఎఫ్ 11 పెట్టి తెల్లగోడని తీశాను. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. సెన్సర్ మీద దుమ్ము ఉంటే తెల్లగోడ మీద నల్ల మచ్చలుగా బయటపడుతుంది. ఈ కెమెరా లెన్స్ ఊడదు కాబట్టి ఆ దుమ్ము మనం తుడుచుకోలేం, విప్పించాల్సిందే. మొదటి దాంట్లో మూడు మచ్చలున్నాయి. రెండోది శుభ్రంగా ఉంది. చివరికి "వెనక మీ గోడౌన్లో ట్యూబ్‌లైటు కింద నాలుగు తీసుకోనిస్తారా అన్నా?" అని అడిగితే, ఆయన "తీసుకోండి మేడమ్, మీరు సంతోషంగా కొనాలి" అని తనే అట్టపెట్టెలు పక్కకి జరిపి నిలబడ్డాడు. ఆ రాత్రి మావాడి ల్యాప్‌టాప్ మీద చూస్తే గోడౌన్లో ఆయన చొక్కా జేబు మీద కుట్టు విడివిడి పోగులుగా కనబడింది. మర్నాడు వెళ్లి 32,500 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. అదనంగా ఒక బ్యాటరీ ఇచ్చి, నెల రోజుల గ్యారంటీ బిల్లు మీద రాసిచ్చాడు.

ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున అమ్మ పెరటి గుమ్మంలో చాట పెట్టుకుని కూచుంది. నేను స్టవ్ పక్కన నిలబడి వ్యూఫైండర్ లేపాను. బీప్ శబ్దాలన్నీ ముందు రోజే మెనూలో ఆపేశాను. దీని షట్టర్, అంటే వెలుతురుని క్షణంసేపు లోపలికి వదిలే రెక్క, లెన్స్ లోపలే ఉండటం వల్ల చప్పుడు చిటికెలో సగం కూడా ఉండదు. 35 దగ్గర జూమ్, ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుని పట్టే చురుకు) 1600. అమ్మ తల ఎత్తలేదు. చాట పైకి ఎగిరినప్పుడు బియ్యం గింజలు గాల్లో సన్నని తెల్లగీతలయ్యాయి. చాట అంచుని పట్టుకున్న రెండు బొటనవేళ్లు మాత్రం కదలకుండా, గోళ్ల మీద పసుపుతో సహా వచ్చాయి. కాలివేళ్ల మీద వెలుతురు పడింది. వెనక వంటింటి గోడ నల్లగా పోయింది, అందులో స్టీలు గిన్నెల అంచులు మాత్రం మెరుస్తున్నాయి. కిందటి మూడేళ్లు ఫోన్‌తో నేను తీయాలనుకున్న ఫోటో అదే.

ఈ కెమెరాని అమ్మ ఫోన్‌లా చూడదు. దాంట్లోంచి తమ్ముడు మాట్లాడడని తెలుసు కాబట్టి దాని వైపు తిరగదు. ఇది ఏ కంపెనీ చెప్పే సంగతి కాదు కానీ, నా వరకు ఇంతకంటే పెద్ద ఫీచర్ లేదు.

స్కూల్లో దీని ఉపయోగం ఇంకో రకం. 24 దగ్గర పెడితే ఐదు సెంటీమీటర్ల దాకా వెళ్లి ఫోకస్ చేస్తుంది. మందారపువ్వు కేసరాలు, తుమ్మెద కాళ్లకి అంటిన పుప్పొడి, కడియపులంక నర్సరీల్లో అంటుకట్టిన కొమ్మ దగ్గర ఉబ్బిన అతుకు తీసి తరగతిలో ఐఎఫ్‌పీ ప్యానల్ (గోడకి ఉండే పెద్ద టచ్ తెర) మీద చూపిస్తున్నాను. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి దగ్గరికి వస్తున్నారు. ఎర్రమందారం తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) మైనస్ 0.7కి తగ్గించాలి, లేకపోతే ఎరుపంతా ముద్దలా అయిపోయి రేకుల ఈనెలు కనబడవు. అంత దగ్గరికి వెళితే లెన్స్ నీడ పువ్వు మీద పడుతుంది, సూర్యుడు పక్క నుంచి ఉండేలా చూసుకోవాలి. తరగతి గదిలో ట్యూబ్‌లైట్ల సంగతి ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షట్టర్ అంతకంటే వేగంగా పెడితే ఒక ఫోటో తెల్లగా, తర్వాతది పసుపుగా, ఇంకోటి చీకటిగా వస్తాయి. ఎస్ మోడ్‌లో, అంటే షట్టర్ వేగం మనమే ఎంచుకునే పద్ధతిలో, 100వ వంతు దగ్గర పెట్టాక ఆ బెడద పోయింది. డయల్ మీద ఎంఆర్ అనే చోట మూడు రకాల సెట్టింగులు దాచుకోవచ్చు. ఒకటి వంటింటికి, రెండోది తరగతికి, మూడోది ఎండకి పెట్టుకున్నాను. లెన్స్ చుట్టూ ఉన్న రింగుని 24, 28, 35, 50, 70 అని మెట్లు మెట్లుగా జూమ్ జరిగేలా పెట్టాను. ఇప్పుడు 50 అంటే ఎంత కనబడుతుందో కెమెరా ఎత్తకుండానే తెలిసిపోతోంది.

డిసెంబరులో ఒక ఆదివారం ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లాం. అక్కడి పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. తాటాకు పాకలో ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూచుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యం పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగింది. అంతే, సెకనులో పొర కట్టి అంచులు లేచాయి. "మా రేకు కనబడుద్దాండీ ఆయ్, ఇంత బుల్లి దాంట్లో?" అని అడిగింది. ఆవిడ రేకుని రెండు చేతులతో ఎత్తి గుమ్మం వెలుతురుకి పట్టినప్పుడు, కెమెరా తెరని పైకి వంచి, నడుం దగ్గర పెట్టుకుని తీశాను. రేకు అవతల ఆవిడ మొహం పల్చగా, ముక్కుపుడకతో సహా కనబడుతోంది. వెనక్కి తిప్పి చూపిస్తే ఆవిడ పక్కింటి వాళ్లని కేకేసింది.

రాత్రి శుభకార్యాల్లో ఫ్లాష్ గురించి ఒక్కమాట. ఫ్లాష్ నేరుగా కొడితే మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. దీని ఫ్లాష్ స్ప్రింగు మీద ఉంటుంది, వేలితో మెల్లగా వెనక్కి వంచి పట్టుకుంటే వెలుతురు శ్లాబుకి తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. మా పిన్ని కూతురి సీమంతం ఫోటోలన్నీ అలాగే తీశాను. శ్లాబు తెల్లగా ఉంటేనే పనిచేస్తుంది, పెంకుటింట్లో లాభం లేదు.

లోపాలూ ఉన్నాయి. ఒళ్లంతా సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది, చెమట చేత్తో పట్టుకుంటే జారుతుంది. అతికించే గ్రిప్పు ఒకటి కొని వేయించాను. మణికట్టుకి తాడు లేకుండా గోదావరి గట్టున బయటికి తీయను. తెర మీద వేలు పెట్టి ఫోకస్ చేసే వీల్లేదు, అన్నీ బటన్ల తోనే. వ్యూఫైండర్‌ని లోపలికి నొక్కితే కెమెరా మొత్తం ఆగిపోతుంది. తెరలో చూద్దామని దాన్ని దించినప్పుడల్లా మళ్లీ ఆన్ చేసుకోవాలి, ఏడాది దాటినా నాకు ఇది అలవాటు కాలేదు. ఎఫ్ 1.8 అన్నది 24 దగ్గరే, 35కి వచ్చేసరికే 2.8 అయిపోతుంది. పెట్టె మీద అంకె చూసి జూమ్ అంతా అదే ఉంటుందనుకోవద్దు. ఆటో ఐఎస్ఓలో పెడితే చీకట్లో షట్టర్ 30వ వంతుకి పడిపోతుంది, పిల్లలు ఊగిపోయి వస్తారు. అందుకే ఎస్ మోడ్. వాన తట్టుకోదు. బ్యాటరీ చిన్నది, కంపెనీ లెక్క ప్రకారమే తెర వాడితే 320 ఫోటోలు. వ్యూఫైండర్ ఎక్కువ వాడే నాకు రెండొందలు దాటగానే టెన్షన్ మొదలవుతుంది. ఊరూపేరూ లేని చవక బ్యాటరీ ఒకటి కొంటే రెండు నెలల్లో ఉబ్బింది. అది కెమెరాలో ఇరుక్కోకముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. బ్యాటరీ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

గోదావరి గట్టున తేమ ఎక్కువ, వానాకాలంలో లెన్స్‌లో బూజు పడుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెడుతున్నాను. బియ్యంలో పెట్టమని కొందరు చెబుతారు, దయచేసి పెట్టకండి. జూమ్ బయటికీ లోపలికీ నడిచేటప్పుడు ఆ పిండిదుమ్మునంతా లోపలికి లాక్కుంటుంది.

నెలకి పది ఫోటోలు ఎంచి మెయిన్ రోడ్డులో ల్యాబులో ప్రింటు వేయిస్తున్నాను. మా ఇంట్లో ఆఖరి ఆల్బమ్ 2009లో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తది సగం నిండింది. చాట ఫోటోని అమ్మ చాలాసేపు వేలితో తడిమి చూసి, "మా అమ్మ చేతులే ఇవి" అంది. ఆ వేళకి నాకు ధర, మోడలు, ఏదీ గుర్తు లేదు.

కార్తీకం వచ్చింది. ఆదివారం ఉసిరికాయలు తెమ్మని అమ్మ చెప్పింది. పచ్చడి పెట్టేది పెరటి గుమ్మంలోనే, పొద్దున ఎనిమిది లోపు. బ్యాటరీలు రెండూ శనివారం రాత్రే ఛార్జి పెట్టాలి.